వేరే శాఖతో కలిసి చేసిన పరిశోధన ప్రమోషన్‌లో లెక్కకు వస్తుందా? నాకు జరిగింది చెబుతాను

మీరు కంప్యూటర్ సైన్స్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్. తెలుగు శాఖ వాళ్లతో కలిసి తాళపత్రాల మీది అక్షరాలను గుర్తుపట్టే ప్రోగ్రామ్ తయారుచేస్తున్నారు. రెండేళ్లలో అసోసియేట్ ప్రొఫెసర్‌కి అర్హత వస్తుంది. ఈలోగా సీనియర్లు "అదంతా పక్కనపెట్టి అచ్చంగా నీ సబ్జెక్టులోనే పేపర్లు రాసుకో" అంటున్నారు. రెంటికీ చెడ్డ రేవడిని అయిపోతానేమో, మానెయ్యాలా అని అడిగారు.

మానెయ్యకండి. కానీ నేను చేసిన తప్పులు మీరు చేయకండి.

నాది జియాలజీ. కొన్నేళ్ల క్రితం శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుల మీద ఒక బృందంతో కలిసి పనిచేశాను. ఒక నెఫ్రాలజిస్టు, ఒక సోషియాలజీ అధ్యాపకుడు, నేను, మరికొందరు, మొత్తం ఏడుగురం. కవిటి, సోంపేట వైపు కొబ్బరి తోటల్లో బోర్ల దగ్గర కూర్చుని నీళ్లు వడగట్టి, సీసాలో చుక్క నైట్రిక్ ఆమ్లం వేసి, ఊరి పేరు, లోతు రాసి మూత బిగించడం నా వంతు. చెమటకి సీసాల మీద సిరా చెరిగిపోయేది, మళ్లీ రాసేదాన్ని. ఒక పెద్దాయన రోజూ వచ్చి పక్కన కూర్చునేవారు. ఆయన కొడుకు డయాలసిస్ మీద ఉన్నాడు. "నీళ్ల వల్లేనేటి తల్లీ?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకి జియాలజీ ఒక్కటే జవాబు చెప్పలేదు, వైద్యం ఒక్కటే చెప్పలేదు. అందుకే అంతమందిమి వెళ్లాం.

పేపర్ ప్రజారోగ్యం జర్నల్‌లో వచ్చింది. నా పేరు నాలుగోది.

ఇక ప్రమోషన్ ఇంటర్వ్యూ. బయటి ఎక్స్‌పర్ట్ ఒకాయన నా పేపర్ల స్పైరల్ బైండింగ్ తిరగేస్తూ సీరమ్ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) పట్టిక ఉన్న పేజీ దగ్గర ఆగారు. "ఇందులో జియాలజీ ఎక్కడుందమ్మా?" అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు, నిజంగానే తెలియక అడిగారు. నీటి నమూనాల పని అంతా వెనక అనుబంధంలో ఉంది. టెన్షన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. రెండు నిమిషాల్లో వేరే ప్రశ్నకి వెళ్లిపోయారు. ఆ ఏడాది నాకు ప్రమోషన్ రాలేదు.

తర్వాత కూర్చుని అధ్యాపకుల ప్రమోషన్ల మీద యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనలు అక్షరం అక్షరం చదివాను. ఆ పని ముందే చేసి ఉండాల్సింది. అందులో ఒక పేపర్‌కి సైన్స్, ఇంజనీరింగ్ వాళ్లకైతే 8 పాయింట్లు, సోషల్ సైన్సెస్, భాషల వాళ్లకైతే 10. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కి (అందులోని పేపర్లను ఇతరులు ఎంతగా ఉదహరిస్తారన్న కొలతకి) పాయింట్లు వేరు. ఇద్దరు రాస్తే చెరి 70 శాతం. ఇద్దరికి మించితే మొదటి ఆథర్‌కి లేదా కరెస్పాండింగ్ ఆథర్‌కి (పేపర్ తరఫున జర్నల్‌తో ఉత్తరాలు నడిపే రచయితకి) 70 శాతం, మిగతా వాళ్లకి తలా 30 శాతం. అంటే ఆ ఎండలో చేసిన పనికి నాకు మూల పాయింట్లు 2.4. అదే పేపర్‌కి మా సోషియాలజీ ఆయనకి 3. ఒక్కడే కూర్చుని ఒక చిన్న పేపర్ రాసుకుంటే 8. ఈ లెక్క అన్యాయమని నేను ఇప్పటికీ అంటాను. పదిమంది కలిస్తే గానీ తేలని సమస్యలకి వెళ్లొద్దని యువ అధ్యాపకులకి ఈ పట్టికే చెబుతోంది. మరోవైపు 2020 జాతీయ విద్యా విధానమేమో విశ్వవిద్యాలయాలు బహుళశాస్త్రాల కేంద్రాలు కావాలంటుంది.

మీ విషయానికొస్తే, యూనివర్సిటీలో అసోసియేట్‌కి 7 పేపర్లు, వాటిలో 3 అసెస్‌మెంట్ కాలంలో (ప్రమోషన్‌కి లెక్కించే సర్వీసు కాలంలో) వచ్చినవి, ఈ పాయింట్లన్నీ కలిపి కనీసం 70 రీసెర్చ్ స్కోర్ కావాలి. కాబట్టి తాళపత్రాల పని నుంచి కనీసం ఒక పేపర్ మీరు కరెస్పాండింగ్ ఆథర్‌గా రావాలి. అక్షరాలు గుర్తుపట్టే పద్ధతి మీద రాసేది మీ పేరుతో, లిపి చరిత్ర మీద రాసేది తెలుగు వాళ్ల పేరుతో. ఇది స్వార్థం కాదు. ముందే మాట్లాడుకుంటే స్నేహం చెడదు, పేపర్ అచ్చయ్యాక మాట్లాడితేనే చెడుతుంది.

ప్రతి పేపర్‌కి ఎవరేం చేశారో రాసిన వాక్యాలు ఉండేలా చూడండి. క్రెడిట్ అని 14 పాత్రల వర్గీకరణ ఉంది, చాలా జర్నళ్లు దాన్ని అడుగుతున్నాయి. జర్నల్ అడక్కపోయినా అరపేజీ రాసి సహరచయితల సంతకాలు తీసుకోండి. రెండోసారి నేను ఇదే చేశాను. బైండింగ్‌లో పేపర్ ముందు ఆ అరపేజీ పెట్టాను. పేపర్ కన్నా ముందు అందరూ దాన్నే చదివారు.

అన్నిటికన్నా ముఖ్యం, కమిటీలో ఎవరు కూర్చుంటారన్నది. నిబంధనల్లో "సంబంధిత, అనుబంధ" విభాగం అన్న మాట ఉంది గానీ ఏది అనుబంధ విభాగమో వివరంగా లేదు. గది లోపల ఎవరికి ఏమనిపిస్తే అదే. ముగ్గురు సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌లూ మీ శాఖ వాళ్లే అయితే లిపి శాస్త్రం విలువ చెప్పేవాళ్లు ఉండరు. ఎక్స్‌పర్ట్ పేరు మీరు సూచించలేరు. కానీ "నా పనిలో సగం ఫలానా రంగంలో ఉంది, ఆ రంగం తెలిసినవారిని కూడా పరిశీలించండి" అని దరఖాస్తుతోపాటే హెడ్ ద్వారా డీన్‌కి ఒక ఉత్తరం పెట్టొచ్చు. ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. మా దగ్గర రెండోసారి వచ్చిన ముగ్గురిలో ఒకరు భూగర్భజలాలూ ప్రజారోగ్యమూ రెండూ తెలిసినవారు. ఆవిడ పేపర్ వెనకున్న అనుబంధం తెరిచి, బోర్ల లోతుకీ సిలికాకీ సంబంధం గురించి అడిగారు. ఇరవై నిమిషాలు మాట్లాడాను.

జర్నళ్ల గొడవ ఇంకోటుంది. 2025 ఫిబ్రవరిలో యూజీసీ కేర్ జాబితాని (యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితాని) ఎత్తేశారు. ఇప్పుడు జర్నల్ మంచిచెడ్డలు సంస్థలే తేల్చుకోవాలి. మీ ఐక్యూఏసీ (సంస్థలోని నాణ్యత చూసే విభాగం) ప్రమాణాలు రాసుకునేటప్పుడే తెలుగు, లిపి, గ్రంథాలయ శాస్త్రాల జర్నళ్ల సంగతి కూడా ఎత్తండి. స్క్రీనింగ్ రోజున "ఇది మీ సబ్జెక్టు జర్నల్ కాదు" అనే గుమాస్తాతో వాదించేకన్నా అది తేలిక.

మీకింకా రెండేళ్లుంది. ఈ వారంలోనే తెలుగు శాఖ వాళ్లతో కూర్చుని, రాబోయే పేపర్‌కి కరెస్పాండింగ్ ఆథర్ ఎవరో తేల్చుకోండి.