మూడు తాళ్ల సంగతి

చిరంజీవి తమ్ముడికి,

నీ అనువాదం మొదటి భాగం రెండుసార్లు చదివాను. కథ మీద నీకున్న ఇష్టం ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. ఒక్క చోట మాత్రం ఆగిపోయాను. తాగి ఇంటికొచ్చిన ముసలి నావికుడు "గాలికి మూడు దుప్పట్లు" అయ్యాడని రాశావు. ఇంగ్లీషు మూలంలో ఉన్నది "త్రీ షీట్స్ టు ది విండ్", అంటే బాగా తాగి ఉన్నాడని.

నావికుల భాషలో షీట్ అంటే దుప్పటి కాదు, తెరచాప కూడా కాదు. తెరచాప కింది మూలను బిగించి పట్టే తాడు. అది వదులైతే చాప టపటపా కొట్టుకుంటుంది, ఓడ అదుపు తప్పుతుంది. మూడు తాళ్లూ జారిపోతే ఆ ఓడ ఎలా ఊగుతుందో ఊహించు. తాగినవాడి నడక అదే. 1820ల్లోనే ఈ మాట అచ్చులో కనిపిస్తుంది, అప్పట్లో "టు" బదులు "ఇన్" అనేవారు.

"గ్రాగీ" కూడా ఓడ దిగొచ్చిన మాటే. బ్రిటిష్ నౌకాదళంలో ఎడ్వర్డ్ వెర్నన్ అనే అడ్మిరల్ ఉండేవాడు. గ్రోగ్రమ్ అనే ముతక బట్ట కోటు వేసుకునేవాడని ఆయన్ను "ఓల్డ్ గ్రాగ్" అనేవారు. 1740లో ఆయన నావికులకిచ్చే రమ్ములో నీళ్లు కలపమని ఆదేశించాడు. ఆ నీళ్ల రమ్ముకు గ్రాగ్ అని పేరొచ్చింది, అది తాగి తూలేవాడు గ్రాగీ అయ్యాడు. ఇప్పుడు జలుబు మాత్ర మింగి మగతగా లేచినవాళ్లూ ఆ మాటే అంటారు. కాబట్టి పుస్తకం ఏ కాలానిదో చూసుకున్నాకే అర్థం రాయి.

ఏ దేశానిదో కూడా చూడాలి. కొత్తల్లో ఒక అమెరికన్ కథలో భార్య "పిస్డ్"గా ఉందంటే, తాగి ఉందని రాసేశాను. ఆ అర్థం బ్రిటన్‌లో. అమెరికాలో కోపంగా ఉందని. చుక్క ముట్టని మనిషిని తాగుబోతును చేశానని అచ్చయ్యాక తెలిసింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1737లో తన పత్రికలో, తాగి ఉన్నాడని చెప్పే మాటలు రెండు వందలకు పైగా అచ్చు వేశాడు. అవన్నీ సారాకొట్లలో తాగేవాళ్ల కబుర్లలోంచి ఏరినవని చెప్పుకున్నాడు. నువ్వూ అలా చెవిన పడ్డవి రాసిపెట్టుకో. మనకూ తక్కువేం లేవు. చుక్కేసుకున్నాడు అంటే ఒక మోతాదు, పీకలదాకా తాగాడు అంటే ఇంకో మోతాదు.

అయితే ప్రతిచోటా ఓడను మోసుకురానక్కర్లేదు. ఆ "త్రీ షీట్స్" మాటే ఆఫీసు గుమాస్తా నోట వస్తే, "తప్పతాగి వచ్చాడు" అని రాస్తే చాలు. అతని మనసులో సముద్రం లేదు. నీ ముసలివాడి మనసులో ఉంది. అక్కడ నేనైతే "చాప తాళ్లు వదిలేసిన పడవలా తూలుతూ వచ్చాడు" అంటాను.

మీ తాతగారు తెరచాప పడవ నడిపారని రాశావు కదా. ఆ తాడును ఆయన ఏమనేవారో ఇంట్లో అడుగు. దొరికితే ఆ మాటే పెట్టి పేజీ తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య