జొన్నరొట్టె విరిగిపోతుంటే

అంచులు చీలుతున్నాయి, చల్లారితే రొట్టె అట్టలా బిగుసుకుపోతోంది అన్నారు కదండీ. పిండిలో చన్నీళ్లు పోస్తున్నారేమో చూసుకోండి. గోధుమలో ఉండే గ్లూటెన్ జొన్నలో ఉండదు, అందుకే సాగదు. మరిగే నీళ్లు తగిలితేనే పిండికి జిగురొస్తుంది. కప్పు పిండికి దాదాపు కప్పు నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి తెర్లనిచ్చి, పొయ్యి కట్టేసి పిండి పోసి కలిపి మూతపెట్టండి. చెయ్యి ఓర్చుకునేంత వేడి ఉండగానే అరచేత్తో గట్టిగా అదుముతూ పిసకాలి. అసలు పనంతా ఇక్కడే ఉంది, బద్ధకిస్తే రొట్టె విరుగుతుంది. ఏ ముద్దకాముద్ద మళ్లీ పిసికి, అప్పటికప్పుడు తట్టండి. పెనం మీద వేశాక పైన తడిబట్ట అద్ది, ఆ తడి ఆరగానే తిప్పండి. ఈస్టు, సోడా ఏమీ అక్కర్లేదు. పిండి మాత్రం ఈమధ్య పట్టించిందై ఉండాలి. కొందరు గోధుమపిండి కలపమంటారు గానీ, నాకైతే అది జొన్నరొట్టె అనిపించదు.