పాత టీవీ గేమ్‌లు: మీ ప్రశ్నలు, మెకానిక్ జవాబులు

(నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర టీవీలు, టీవీ గేమ్‌లు బాగుచేస్తూ, పాత కన్సోళ్లకు సొంతంగా గేమ్‌లు రాసే మెకానిక్ ఈ శీర్షికలో పాఠకులకు జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: అన్నా, నేను డిగ్రీ సెకండియర్. ఎన్ఈఎస్ (నింటెండో వాళ్ల పాత టీవీ గేమ్ మెషీన్) కోసం, అందులోని 6502 రకం ప్రాసెసర్ అసెంబ్లీ భాషలో చిన్న గేమ్ రాశాను. లాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ (ఆ మెషీన్‌లా నటించే ప్రోగ్రామ్) మీద బ్రహ్మాండంగా ఆడుతోంది. మన టీవీలు పాల్ (50 హెర్ట్జ్ టీవీ పద్ధతి) కదా అని ఎమ్యులేటర్‌లోనూ పాల్ పెట్టుకున్నాను. ఫ్రెండ్ దగ్గరున్న ఫ్లాష్ కేసెట్‌లో (మనకు కావలసిన గేమ్ ఫైళ్లు పెట్టుకునే కేసెట్) ఎక్కించి మా చిన్నాన్న వాళ్ల పాత టీవీ గేమ్‌లో పెడితే, మొదట్లోనే స్కోరు చోట ఏవేవో బొమ్మలు వస్తున్నాయి. నాణెం తీసుకున్నప్పుడల్లా స్క్రీన్ ఎగురుతోంది. కోడ్ అటూ ఇటూ మార్చి చూశాను, లాభం లేదు. మెషీన్ పాడైందంటారా?
— దేవరకొండ పాఠకుడు

జవాబు: మెషీన్ మీద నింద వెయ్యకు తమ్ముడూ. మిగతా కేసెట్లు అందులో సరిగ్గా ఆడుతున్నాయంటే అది బాగున్నట్టే. నువ్వు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. రెండూ లాప్‌టాప్‌లోనే పట్టుకోవచ్చు. ముందు ఆ అటూ ఇటూ మార్చడం ఆపు. ఏ లైను తప్పో తెలియకముందే మారిస్తే ఉన్న తప్పు పోదు, కొత్తది వచ్చి చేరుతుంది.

స్కోరు సంగతి చూద్దాం. ఎన్ఈఎస్‌లో ఉన్న ర్యామ్ 2 కేబీ. పవర్ వేసినప్పుడు అందులో సున్నాలే ఉంటాయన్న హామీ లేదు. పైగా నీ విషయంలో ఫ్లాష్ కేసెట్ మెనూ ముందు నడుస్తుంది. అది వాడి వదిలేసిన విలువలు ర్యామ్‌లో అట్లాగే ఉండగా నీ గేమ్ మొదలవుతుంది. నువ్వు సున్నా అనుకున్న చోట 183 ఉందనుకో, అంకెకు బదులు 183వ టైల్ (స్క్రీన్ మీద పేర్చే చిన్న బొమ్మ ముక్క) వచ్చి కూర్చుంటుంది. నీకు కనబడుతున్న పిచ్చి బొమ్మలు అవే.

మెసెన్ ఎమ్యులేటర్ వేసుకో. అందులో పవర్ ఆన్ అయినప్పుడు ర్యామ్ ఎలా ఉండాలో మనమే చెప్పొచ్చు. ‘రాండమ్’ పెట్టు. దాని డీబగ్గర్‌లో (కోడ్‌లో తప్పులు వెతికే చోటు), విలువ రాయని మెమరీని చదవబోతే ఆగిపొమ్మనే ఆప్షన్ ఉంది, అదీ ఆన్ చెయ్యి. గేమ్ నడిపితే సరిగ్గా ఆ లైను దగ్గర ఆగుతుంది. అసెంబ్లర్‌ను డీబగ్ సమాచారం ఉంచమని, లింకర్‌ను డీబగ్ ఫైల్ రాయమని అడిగి ఉంటే, ఉత్త అడ్రసులు కాకుండా నువ్వు రాసిన పేర్లే కనిపిస్తాయి. 6502కు ప్రోగ్రాములు తయారుచేసే సీసీ65 టూళ్లలో ఈ సౌకర్యం ఉంది. వాడకపోతే నీకే కష్టం.

మందు మామూలే: మొదలవగానే ర్యామ్ అంతా సున్నాలతో నింపాలి. కానీ ఆ పని సబ్‌రొటీన్‌లో (పిలిస్తే పని చేసి, పిలిచిన చోటికే తిరిగొచ్చే కోడ్ ముక్క) పెట్టకు. స్టాక్ కూడా ఆ 2 కేబీలోనే ఉంది. అందులో, తిరిగి ఎక్కడికి వెళ్లాలో రాసిపెట్టిన అడ్రసును కూడా నువ్వే తుడిచేస్తావు, గేమ్ మధ్యలోనే మాయమవుతుంది.

ఇక స్క్రీన్ ఎగరడం. అసలు చిక్కు నువ్వు పెట్టుకున్న పాల్‌లోనే ఉంది. బొమ్మ గీయడం అయిపోయాక పీపీయూ (బొమ్మ గీసే చిప్) ఖాళీగా ఉండే సమయమే వీబ్లాంక్. స్క్రీన్ మీద టైల్స్ మార్చాలంటే అప్పుడే మార్చాలి. అసలైన పాల్ ఎన్ఈఎస్‌లో అది 70 గీతల (టీవీ మీద ఒక్కో అడ్డగీత గీసేంత సమయం) సేపు, అంటే దాదాపు 7,460 సైకిళ్లు (ప్రాసెసర్ అడుగులు). అమెరికా, జపాన్ మెషీన్లలో 20 గీతలే, సుమారు 2,270 సైకిళ్లు. మన దగ్గర దొరికిన టీవీ గేమ్‌లు చాలావరకు నింటెండో చేసినవి కావు, నకళ్లు. 50 హెర్ట్జ్ టీవీల కోసం చేసిన ఇలాంటి నకళ్లు చాలావరకు బొమ్మ అయిపోయాక 50 గీతల సేపు ఊరికే ఉండి, ఆ తర్వాతే ఎన్ఎంఐ (వీబ్లాంక్ వచ్చిందని ప్రాసెసర్‌కు చెప్పే సంకేతం) ఇస్తాయి. అక్కడినుంచి నీకు మిగిలేది మళ్లీ 20 గీతలే. ఎమ్యులేటర్లలో ఈ రకాన్ని ‘డెండీ’ అంటారు. రష్యాలో ఆ పేరుతో అమ్మిన నకలు మెషీన్ నుంచి వచ్చిన పేరది. మెసెన్‌లో రీజియన్ డెండీకి మార్చి చూడు, లాప్‌టాప్‌లోనూ స్క్రీన్ ఎగురుతుంది. ఎగిరిందంటే సంతోషించు, దొంగ ఇంట్లోనే దొరికాడు.

ఇప్పుడు ఈవెంట్ వ్యూయర్ తెరువు. ఒక్క ఫ్రేమ్‌లో ఏ గీత దగ్గర ఏ రిజిస్టర్‌కు (పీపీయూకు ఆజ్ఞలు, విలువలు ఇచ్చే నంబరున్న చోటు) రాశావో చుక్కలుగా చూపిస్తుంది. టైల్ విలువలు రాసే 2007 రిజిస్టర్ చుక్కలను చూడు. నాణెం తీసుకున్న ఫ్రేమ్‌లో అవి వీబ్లాంక్ దాటి బొమ్మ గీసే గీతల్లోకి దిగి ఉంటాయి. బొమ్మ గీస్తుండగా 2006 (ఎక్కడ రాయాలో అడ్రసు చెప్పేది), 2007లను ముట్టుకుంటే పీపీయూ లోపలి అడ్రసు చెదిరి స్క్రీన్ పక్కకు జరుగుతుంది. 2,270 సైకిళ్లలో స్ప్రైట్ల (కదిలే బొమ్మల) వివరాలను పీపీయూకు కాపీ చేసే డీఎంఏకే 513 పోతాయి, అదీ గుర్తుంచుకో. స్కోరు లెక్క కట్టడం, అంకెలు విడదీయడం లాంటివన్నీ మెయిన్ లూప్‌లో చేసి, తయారైన టైల్ నంబర్లను చిన్న బఫర్‌లో పెట్టుకో. ఎన్ఎంఐ రాగానే నడిచే కోడ్‌లో వాటిని కాపీ చెయ్యడం తప్ప ఇంకేమీ ఉండొద్దు.

ప్రశ్న: నేను కట్టిన ట్యూన్ ఎమ్యులేటర్‌లో ఒకలా, టీవీ గేమ్‌లో ఒకలా వినిపిస్తోంది. తప్పు ఎక్కడుంది?
— వనపర్తి పాఠకురాలు

జవాబు: మీ కోడ్‌లో తప్పు లేదమ్మా. పాత నకలు చిప్‌లు కొన్నింట్లో పల్స్ ఛానెళ్ల (చదరపు అలలతో శబ్దం చేసేవి) 25 శాతం, 50 శాతం డ్యూటీలు (అలలో పైన ఉండే భాగం) తారుమారై ఉంటాయి. మెసెన్ ఆడియో సెట్టింగుల్లో వాటిని అలాగే మార్చి వినే ఆప్షన్ ఉంది. రెండు రకాలుగా విని, రెండింట్లోనూ చెవికి ఇంపుగా ఉన్న శబ్దం ఎంచుకోండి.

ప్రశ్న: లాప్‌టాప్‌లో డీబగ్గర్ ఉంది, సరే. అసలు మెషీన్ మీద ఆడేటప్పుడు లోపల ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది?
— మిర్యాలగూడ పాఠకుడు

జవాబు: టీవీ స్క్రీనే మీ మీటర్. పీపీయూ 2001 రిజిస్టర్‌లో 0వ నంబరు బిట్‌ను 1 చేస్తే బొమ్మ బ్లాక్ అండ్ వైట్ అవుతుంది. మెయిన్ లూప్ పని మొదలవగానే ఆ బిట్ వెయ్యండి, పని అయిపోగానే తియ్యండి. మిగతా బిట్లు మాత్రం కదలకూడదు. స్క్రీన్ పైనుంచి ఎంతవరకు రంగు పోయిందో ఆ ఫ్రేమ్‌లో మీ కోడ్ అంత సేపు తీసుకుంది. శత్రువులు ఎక్కువైన కొద్దీ ఆ పట్టీ కిందికి దిగడం కళ్లారా చూడొచ్చు. అడుగు దాకా వచ్చిందంటే గేమ్ నిదానిస్తుంది.

గేమ్ ఉన్నట్టుండి బిగుసుకుపోతుంటే ఇంకో పని చెయ్యండి. 6502 దారి తప్పి సున్నా బైట్‌ను ఆజ్ఞగా చదివితే అది బీఆర్‌కే (మధ్యలో ఆపే ఆజ్ఞ), నేరుగా ఐఆర్‌క్యూ (పని మధ్యలో ఆపే సంకేతం) వెక్టర్ చూపే చోటికి దూకుతుంది. మీ గేమ్ ఐఆర్‌క్యూలు వాడకపోతే ఆ వెక్టర్‌ను ఖాళీగా వదలకండి. అక్కడ రెండరింగ్ ఆపేసి, బ్యాక్‌గ్రౌండ్ ఎర్రగా చేసి నిలిపేసే నాలుగు లైన్లు పెట్టండి. స్క్రీన్ ఎర్రబడితే కోడ్ దారి తప్పిందని అర్థం. ఎర్రబడకుండా బొమ్మ అలాగే నిలబడితే ఎక్కడో లూప్‌లో చిక్కుకుని ఉండొచ్చు, ముందు ఎన్ఎంఐ కోసం ఎదురుచూసే లూప్ చూడండి.