మెషీన్ని రెండు రోజులు నడవనివ్వు

బంగారం,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, దాని ఆఫీసులో కెర్నల్‌లో మెమరీ ఏదో స్లో అయిందట. కెర్నలంటే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయట, ఇలా కొత్త మార్పుతో పాతది చెడితే రిగ్రెషన్ అంటారట. ఎవరూ ముట్టుకోకపోతే ఇది నెత్తినేసుకుంది. పది రోజులుగా రాత్రి రెండింటికి పడుకుంటోంది, కాస్త నువ్వు చెప్పు" అన్నాడు. ముప్పై ఏళ్లు నేను చేసిన ఉద్యోగమేమిటో వాడికి ఇప్పటికీ తెలీదు. పెళ్లిళ్లలో "మా అన్నయ్య కంప్యూటర్లు బాగుచేస్తాడు" అని పరిచయం చేస్తాడు. అలాంటివాడు రిగ్రెషన్ అనే మాట తడుముకుంటూ పలుకుతుంటే గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

నీకు తెలిసినవి ముందు అనేసి పక్కన పెడతాను. రెండు కెర్నళ్లకీ ఒకే కన్ఫిగ్, ఒకే కంపైలర్. సీపీయూ వేగం మధ్యలో మారకుండా దాని గవర్నర్ పెర్ఫార్మెన్స్‌లో పెట్టి టర్బో ఆపెయ్యి. రెండు ప్రాసెసర్ సాకెట్ల మెషీనైతే, దేని మెమరీ దానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి, టెస్టుని ఒకే నోడ్‌కి కట్టేసెయ్యి. పదేసిసార్లు కొలిచి నంబరు ఎంత ఊగుతోందో చూడు. ఐదు శాతం ఊగే టెస్టుని రెండుసార్లు నడిపి, మూడు శాతం నష్టం ఎక్కడుందో వెతకలేవు. పెర్ఫ్ (టైమెక్కడ పోతోందో చూపే టూల్) వాడటం నాకంటే నీకే బాగా వచ్చు.

ఇక బైసెక్ట్. మంచి కెర్నల్‌కీ చెడ్డ కెర్నల్‌కీ మధ్య ఉన్న మార్పుల వరసని సగం సగం చేసుకుంటూ, ఏ మార్పుతో చెడిందో పట్టుకునే పద్ధతి. నా భయమంతా అక్కడే.

2012లో బెంగళూరులో ఉన్నప్పుడు మేం పాత కెర్నల్ నుంచి 3.2కి మారాం. మారిన కొన్నాళ్లకి కస్టమర్ దగ్గర డేటాబేస్ ఉండుండి అరసెకను బిగుసుకుపోవడం మొదలైంది. నేను బైసెక్ట్‌కి దిగాను. మా సొంత ప్యాచ్‌లు (కోడ్‌లో చేసిన చిన్న మార్పులు) కూడా ఆ వరసలోనే ఉన్నాయి. కెర్నల్ బిల్డ్ చెయ్యడం, రీబూట్, టెస్టు, "గుడ్" అని రాయడం. మళ్లీ బిల్డు, మళ్లీ గుడ్డు. ఒక శుక్రవారం సాయంత్రం అలాగే ఒక కెర్నల్‌ని బూట్ చేసి, టెస్టు నేను తిరిగొచ్చాక పెడదామని రైలెక్కేశాను. నీ ఓణీల ఫంక్షన్‌కి. ఆకుపచ్చ ఓణీలో నిలబడి, ఫోటోలు ఎప్పుడైపోతాయని గంటసేపు మూతి ముడుచుకున్నావు, గుర్తుందా?

సోమవారం వచ్చి టెస్టు పెడితే, స్లో! దొరికింది దొంగ అనుకుని "బ్యాడ్" అని రాశాను. ఆ తర్వాత మెట్లన్నీ మళ్లీ గుడ్. బైసెక్ట్ నేరుగా ఆ శుక్రవారం ప్యాచ్‌నే చూపించింది. ఒక బ్యాడ్ తర్వాత అన్నీ గుడ్ వస్తే అది ఆ బ్యాడ్ దగ్గరే ఆగుతుంది కదా. అంటే మొత్తం తీర్పు ఒక్క కొలత మీద నిలబడి ఉంది. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఆ ప్యాచ్ అనంతపురం కుర్రాడిది. చేరి ఏడాదైనా కాలేదు. మీటింగులో పది మంది ముందు వాడి ప్యాచ్ వల్లే ఇదంతా అన్నాను. "సార్, ఈ టెస్టులో నా కోడ్ అసలు రన్ కాదు సార్" అన్నాడు మెల్లిగా. నిజమే. ఏ కోడ్ నడుస్తోందో చూపే ట్రేస్ ఒక్కటి పెడితే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. నేను పెట్టలేదు. బైసెక్ట్ అబద్ధం చెప్పదన్నాను. ప్యాచ్ తీసేయించాను. డ్రైవర్‌లో అరుదుగా వచ్చే హ్యాంగ్ ఒకటి ఆ ప్యాచ్ వల్లే ఆగి ఉంది. మూడు వారాలకి ఒక అర్ధరాత్రి అది తిరిగొచ్చింది. డేటాబేస్ బిగుసుకుపోవడం కూడా అలాగే ఉంది.

అసలు జరిగిందేమిటో చెబుతాను. కెర్నల్ ప్రోగ్రాములకి మెమరీని పేజీలనే ముక్కలుగా పంచుతుంది. 2.6.38 నుంచి కెర్నల్ తనంతట తానే పెద్ద పేజీలివ్వడం మొదలుపెట్టింది. 4 కేబీ పేజీలు 512 వరసగా, మధ్యలో ఎక్కడా సందు లేకుండా దొరికితే ఒక 2 ఎంబీ పేజీ. పెళ్లిలో పంక్తి అనుకో. హాలు తెరవగానే ఎన్ని ఖాళీ వరసలు కావాలంటే అన్ని. రెండు గంటలు గడిస్తే అక్కడొక కుర్చీ, ఇక్కడొక కుర్చీ తప్ప వరస దొరకదు. అప్పుడు ఒక కుటుంబమంతా పక్కపక్కనే కూర్చోవాలంటే, తింటున్నవాళ్లని విస్తళ్లతో సహా లేపి పక్కకి జరపాలి. అదే కాంపాక్షన్. ఆ రోజుల్లో ఆ జరపడమంతా వచ్చిన అతిథే చేసుకోవాల్సి వచ్చేది. మా డేటాబేస్ ఆగిపోయింది అందుకే.

బైసెక్ట్‌లో నేను రీబూట్ కాగానే కొలిచినవన్నీ ఇప్పుడే తెరిచిన హాళ్లు. ఒక్క శుక్రవారం కెర్నల్ మాత్రం రెండు రోజులు బ్యాకప్‌లతో, బిల్డులతో నలిగింది. దాని స్థానంలో ఏ ప్యాచ్ ఉన్నా దోషి అయ్యేది. చివరికి బడ్డీఇన్ఫో (ఖాళీ మెమరీ ఏ సైజు ముక్కలుగా ఉందో చూపే పట్టిక) తెరిస్తే చివరి రెండు గడుల్లో, అంటే పెద్ద ముక్కల దగ్గర, సున్నాలు. కెర్నల్ మెమరీ లెక్కలుండే వీఎమ్‌స్టాట్‌లో, కాంపాక్షన్ కోసం ఎన్నిసార్లు ఆగాల్సి వచ్చిందో చెప్పే కాంపాక్ట్ స్టాల్ అంకె పరిగెడుతోంది. ఆ జరపడాన్ని నడిపే డీఫ్రాగ్ సెట్టింగుని నెవర్‌లో పెడితే జబ్బు పోయింది, ఆల్వేస్‌లో పెడితే వచ్చింది. (4.6లో ఆ డీఫాల్టునే మార్చారు, అడిగిన ప్రోగ్రాములకే ఆ జరిపే పని పడేలా.)

ఆ కుర్రాడు అప్పటికే ఉద్యోగం మానేశాడు. తప్పు నాదని మెయిల్ రాశాను. "పర్లేదు సార్" అని రెండు ముక్కల్లో జవాబిచ్చాడు. మీటింగులో అన్నమాట మీటింగులోనే వెనక్కి తీసుకోవాల్సింది కదమ్మా.

అందుకే నీకు గట్టిగా చెబుతున్నాను. మందగింపుని నీ చేత్తో రప్పించి, నీ చేత్తో పోగొట్టేదాకా ఎవరి కమిట్ (కోడ్‌లో చేర్చిన మార్పు) పేరూ ఎత్తకు. దోషి దొరికినా ప్యాచ్ మొత్తం పీకెయ్యమని తొందరపడకు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? 6.7 కెర్నల్‌లో, 2 ఎంబీ గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న అనానిమస్ మ్యాపింగుల్ని (ఫైలుతో సంబంధం లేకుండా ప్రోగ్రాములు అడిగే మెమరీ ముక్కల్ని) పెద్ద పేజీ సరిహద్దుకి సర్దారు. ఉద్దేశం మంచిదే. కానీ కాక్టస్ అనే బెంచ్‌మార్క్ 4632 కేబీ ముక్కలు బోలెడు అడుగుతుంది. అంతకుముందు అవి అతుక్కుని ఒకే పెద్ద ప్రాంతమయ్యేవి. ఈ మార్పుతో మధ్యలో ఖాళీలొచ్చి విడివిడిగా పడ్డాయి, అన్నీ ఒకే రకం సరిహద్దు మీద మొదలవడంతో కాష్‌లో, పేజీల చిరునామాలు గుర్తుంచుకునే టీఎల్‌బీలో ఒకదాన్నొకటి తోసుకున్నట్టున్నాయి. కొన్ని మెషీన్లలో 600 శాతం దాకా మందగింపు! కెర్నల్ డెవలపర్ వ్లాస్టిమిల్ బాబ్కా దాన్ని సరిచేసింది ఒక్క షరతు చేర్చి: సైజు 2 ఎంబీకి సరిగ్గా గుణిజమైతేనే సర్దు, లేకపోతే వదిలెయ్. మేలు మేలుగానే ఉంది, కీడు పోయింది. ఆ కమిట్ మెసేజ్ చదువు. ఎవర్నీ తిట్టకుండా, అంకెలతో, ఎంత తేటగా రాశాడో.

నీ మెసేజ్‌లోనూ ఫిక్సెస్ లైను (ఏ పాత కమిట్‌ని సరిచేస్తున్నావో చెప్పేది) పెట్టి, పాత ప్యాచ్ రాసినవాళ్లకి కాపీ తప్పక పంపు. వాళ్లకే ముందు తెలియాలి.

రాత్రి రెండింటికి కొలిచిన నంబరుని నేను నమ్మను, నువ్వూ నమ్మకు. కళ్లు మూతలు పడుతుంటే ఏ కెర్నల్ బూటైందో కూడా చూసుకోం. నేను చూసుకోని రోజులున్నాయి.

ఈ శుక్రవారం ఒక పని చెయ్యి. మెషీన్ మీద లోడ్ పెట్టు, మొదలైన టైమూ కాంపాక్ట్ స్టాల్ అంకే కాగితం మీద రాసుకో, ఆపకుండా వదిలేసి లింగంపల్లిలో గౌతమి ఎక్కెయ్. సోమవారం పొద్దున కొలుద్దువు గాని. ఎలాగూ రెండు రోజులు నడవాల్సిందే కదా, దాని పక్కన నువ్వెందుకు? స్టేషన్‌కి నేనే వస్తాను.

మీ పెదనాన్న
కాకినాడ