పడవ కింద వెలుగు గీత

చిరంజీవి పెద్దమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు మూడుసార్లు తిరగేశాను. పడవ ఎక్కడా అలికినట్టు లేదు, రంగులూ బాగా వచ్చాయి. కానీ అంత జోరుగా పోయే రిమోట్ పడవ నీ ఫొటోలో లంగరేసి ఆపినట్టుంది. నీ కెమెరాకి వంక పెట్టడానికేమీ లేదు తల్లీ. నువ్వు నిలబడి తీశావు, చిక్కంతా అక్కడ వచ్చింది.

హైడ్రోప్లేన్ రకం పడవ జోరందుకున్నాక దాదాపు గాలిలోనే పోతుంది. ముందు రెండు పక్కలా ఉండే తేలుడు దిమ్మెల అంచులు, వెనక సగమే మునిగిన ప్రొపెల్లర్, చుక్కాని, ఇంతే నీటిని తాకేది. అడుగుభాగానికీ నీటికీ మధ్య రెండు వేళ్ల సందు ఉంటుంది. పైనుంచి చూస్తే ఆ సందు ఎంత వెతికినా దొరకదు. మోకాళ్ల మీద కూర్చో, వీలైతే బోర్లా పడుకో. లెన్స్ నీటికి మూరెడు ఎత్తు మించకూడదు. అప్పుడు పడవ కింద సన్నగా ఒక వెలుగు గీత కనిపిస్తుంది. ఈ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా ఆ గీత గురించే.

కిందికి దిగితే ఇంకో మేలుంది. పడవ వెనకాల నీళ్లకు బదులు అవతలి గట్టు వస్తుంది. అక్కడ చెట్లో నీడో ముదురుగా ఉంటే పడవ వెనక లేచే నీటి తోక తెల్లగా, పోగుపోగుగా తేలుతుంది. వెనక తెల్లటి ఆకాశం ఉందంటే ఆ తోకంతా అందులో కలిసిపోయి ఏమీ మిగలదు. కాబట్టి వెళ్లగానే సంచీ విప్పకు, ముందు అవతలి గట్టంతా ఒకసారి చూసి చోటు ఎంచుకో. పొద్దున్నే ఏటవాలు ఎండ పక్కనుంచి పడేటప్పుడు వెళ్లు.

ఇక వేగం సంగతి. పడవ గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతోందంటే సెకనుకు 25 మీటర్లు. షటర్ 1/500 సెకనులో పెడితే అది తెరిచి ఉన్న ఆ కాస్తలోనే పడవ 5 సెంటీమీటర్లు జరిగిపోతుంది. 1/2000లో అయితే సెంటీమీటరు పైచిలుకు. నీటి చుక్కలు ఆవగింజల్లా విడివిడిగా నిలవాలంటే షటర్ 1/2000 కన్నా నెమ్మదిగా పెట్టకు, వెలుతురు చాలకపోతే కెమెరా వెలుతురును అందుకునే సున్నితత్వం, అంటే ఐఎస్‌ఓ పెంచు. ఫొటోలో కాస్త గరుకు వస్తే సరిచేసుకోవచ్చు, అలికిన పడవను సరిచేయలేం. నీటి మీది మెరుపు తగ్గించే ఫిల్టర్, అదే పోలరైజర్, పెట్టొద్దనే చెప్తాను. సగం నుంచి ముప్పావు వంతు వెలుతురు మింగేస్తుంది, అది మనం వదులుకోలేనిది. ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో పెట్టి, తుంపరలోని తెలుపు మరీ వెలిసిపోకుండా చూసుకుని అక్కడే ఉంచు. ఆటోలో వదిలితే నీటి తోక ఫ్రేములోకి వచ్చినప్పుడల్లా కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మోసపోయి పడవను చీకటి చేస్తుంది.

వరుసగా ఫొటోలు తీసే బర్స్ట్ పద్ధతిలో నొక్కి పట్టుకుంటే ఏదో ఒకటి పడుతుందిలే అనుకున్నావు కదా? లెక్క వేసి చూడు. సెకనుకు 10 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య పడవ రెండున్నర మీటర్లు దాటిపోతుంది. పడవ పొడవేమో మీటరులోపే. నీకు కావలసిన క్షణం ఆ మధ్యలోనే జారిపోవచ్చు. అందుకే మొదటి రెండు చుట్లూ ఫొటోలు తీయకుండా ఊరికే చూడు. నడిపేవాడికి చెయ్యి కుదిరాక పడవ దాదాపు ఒకే దారిలో పోతుంది, మలుపు గుర్తుగా నీటిమీద తేలే ఒకే బోయా దగ్గర ఒకేలా వాలుతుంది. బ్యాటరీ పడవలు కొద్ది నిమిషాలే నడుస్తాయి, అయినా ఆ రెండు చుట్లూ వృథా అనుకోకు. చెవి కూడా పెట్టు. ప్రొపెల్లర్ నీటిని వదిలితే మోటారు ఒక్కసారిగా కీచుమంటుంది. పడవ ఎగిరిందని కంటికన్నా ముందు చెవికే తెలిసిపోతుంది.

ఫోకస్ నిరంతరంగా వెంబడించే పద్ధతిలో ఉంచు. పక్కనుంచి పోయే పడవను పట్టుకోవడం తేలిక, ఎదురుగా వచ్చేదాన్ని పట్టుకోవడం చాలా కష్టం. మలుపు దగ్గర మొదలుపెట్టు. అక్కడ వేగం తగ్గుతుంది, పడవ ఒరుగుతుంది, తుంపర బాగా లేస్తుంది. చెయ్యి కుదిరాక షటర్ 1/160కి దించి, కాళ్లు కదపకుండా నడుము తిప్పుతూ పడవతోపాటు కెమెరాను లాగి చూడు. చాలావరకు పోతాయి. నిలిచిన ఒక్కదాంట్లో గట్టంతా గీతలై పడవ మాత్రం నిలబడి ఉంటుంది, అది చూశాక నువ్వే మానవు.

ముక్కు ఒక్కసారి పైకి లేచిందా, వేలు తీయకు. కింద గాలి దూరి పడవ వెనక్కి పల్టీ కొడుతుంది. ఆ వరుస ఫొటోలన్నీ పడవ యజమానికి ఇవ్వు. ముక్కు ఎక్కడ లేవడం మొదలైందో చూసుకుని బరువు ముందుకు జరుపుకోవాలో లేదో తేల్చుకుంటాడు. పల్టీ కొట్టిన పడవను చూసి గట్టుమీద నవ్వొద్దు, దానిమీద అతని నెలల కష్టం ఉంటుంది.

బోర్లా పడుకోమన్నాను కదా, ఎక్కడ పడుకోకూడదో కూడా విను. మలుపు దాటాక పడవ జోరందుకునే వైపు గట్టు అంచున వద్దు. సిగ్నల్ తప్పిన పడవ నేరుగా గట్టెక్కేస్తుంది, నువ్వు లేచేలోపే మీదికి వస్తుంది. నడిపేవాడి చూపుకి అడ్డం రాకు. ప్రొపెల్లర్ రెక్కలు కత్తిలా సాన పట్టి ఉంటాయి, బ్యాటరీ కలిపి ఉన్న పడవను ముట్టుకోవద్దు.

తుంపర పడితే లెన్స్ వెంటనే మెత్తటి గుడ్డతో అద్దు. ఒకసారి నేను బద్ధకించాను. చుక్కలు ఎండి మచ్చలై, మధ్యాహ్నం తీసినవన్నీ పొగమంచులో తీసినట్టు వచ్చాయి. ఆ రోజు ఒక కుర్రాడి మొదటి గెలుపు ఉంది అందులో. అతనికి ఇవ్వడానికి నా దగ్గర ఒక్క మంచి ఫొటో లేకపోయింది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈసారి బాగున్నవి ఏరి పంపకు. తీసిన వరుసలోనే మొత్తం పంపు. పోయినవాటిలోనే నీ చెయ్యి ఎక్కడ ఆలస్యమవుతోందో నాకు తెలుస్తుంది.

మీ బాబాయి