ఎయాసి సరస్సుకు ఒక్క పూట సరిపోతుందా?

"టాంజానియాలో గోరోంగోరో అభయారణ్యం చూశాక ఒక పూట మిగులుతోంది. ఎయాసి సరస్సుకు వెళ్తే ఫ్లెమింగోలు, హడ్జాబే తెగ వేటగాళ్ళు రెండూ కవర్ అవుతాయా?" అని అడిగారు. అవుతాయి. తిరుమలలో మహాలఘు దర్శనం కూడా దర్శనమే కదా! రెండు రాత్రులు ఉండలేకపోతే మాత్రం ఆ పూట గోరోంగోరో దగ్గరి కరాటు ఊళ్ళోనే హాయిగా పడుకోండి అంటాను.

నా ఉద్యోగం దారెస్సలాంలో. మనవాళ్ళు ఎవరొచ్చినా టూర్ ప్లాన్ చేసే పని నా నెత్తినే పడుతుంది. అందరిదీ ఒకటే లెక్క: సింహం అయిందా, చిరుత అయిందా, ఖడ్గమృగం అయిందా. పక్షులంటే ఇక ఫ్లెమింగోలే. వాటి కోసమే అయితే ఇంత దూరం దేనికండీ, చలికాలంలో సూళ్ళూరుపేటలో దిగి పులికాట్ చూసుకోండి. ఎయాసి సోడా సరస్సు, అంటే నీళ్ళలో సోడా ఉప్పు పేరుకున్నది. లోతు తక్కువ, నీళ్ళు బయటికి పోయే దారి లేదు. ఎండలు ముదిరితే తెల్లటి పొర మీద ఎంత నడిచినా నీటి అంచు రాదు. నీళ్ళుంటే ఫ్లెమింగోలు, పెలికాన్లు ఉంటాయి, లేకపోతే లేదు. మీ టికెట్ తేదీతో వాటికి పనిలేదు.

అక్కడ చూడాల్సిన పిట్ట హనీగైడ్, అరుస్తూ మనుషులను తేనెతుట్టె దగ్గరికి తీసుకెళ్ళేది. గోరింక కంటే కాస్త చిన్నది, బూడిద రంగు, తోక పక్కల తెల్ల ఈకలు. ఫొటో పెడితే ఎవరూ లైక్ కూడా కొట్టరు.

వానలు వెలిసిన రోజుల్లో తెల్లారకముందే హడ్జాబేల మకాం నుంచి ఇద్దరు కుర్రాళ్ళ వెనక బయల్దేరాం. చేతిలో విల్లు, నడుముకు చిన్న గొడ్డలి. ముళ్ళు ప్యాంటు పట్టుకుని లాగుతుంటే వాళ్ళతో సమానంగా నడవడం నా వల్ల కాలేదు. ఉన్నట్టుండి ఒక కొమ్మ మీద నుంచి టకటకమని ఆగకుండా అరుపు. ముందున్న కుర్రాడు ఈల వేశాడు. పిట్ట ఇంకో చెట్టుకు ఎగిరి మళ్ళీ అరిచింది. ఈల, అరుపు, ఈల, అరుపు. చివరికి ఒక పెద్ద బావొబాబ్ చెట్టు దగ్గర అరుపు ఆగిపోయింది. కుర్రాడు కొమ్మలు చెక్కి మేకులు చేశాడు. గొడ్డలి మడమతో ఒక్కొక్కటే మానులోకి దిగ్గొడుతూ, వాటి మీదే కాళ్ళు పెట్టి పైకెక్కాడు. తొర్రలోకి పొగ పెట్టి తుట్టె కిందికి పడేశాడు. తేనె, పిల్లపురుగులు, మైనం అన్నీ కలిపి తిన్నారు. నాకూ ఒక ముక్క పెట్టారు, పొగ వాసనతో గొంతు మండించే తీపి.

అసలు సంగతి తర్వాత జరిగింది. ఆ పిట్టకు కావలసింది మైనం. మిగిలిన తుట్టె ముక్కలన్నీ ఏరి నిప్పులో వేసేశాడు ఆ కుర్రాడు! పిట్ట కడుపు నిండితే మళ్ళీ దారి చూపించదని గైడ్ చెప్పాడు. "ప్రకృతితో మమేకమైన అమాయక గిరిజనులు" అని రాసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది ఇందుకే. అక్కడ జరిగేది బేరం, ఇద్దరూ గట్టివాళ్ళే. పైగా హడ్జాబేల ఈలకు పలికినంతగా ఆ పిట్టలు మొజాంబిక్‌లో ఇలాగే తేనె తీసే యావో తెగవాళ్ళ పిలుపుకు పలకవని 2023లో ఒక పరిశోధన వచ్చింది. మొజాంబిక్ పిట్టలకు యావోల పిలుపే ఇష్టం. ఒక్క పూటలో ఇదంతా చూపించమంటే పిట్టయినా ఒప్పుకోదు.

ఒక్క పూట వచ్చేవాళ్ళకు దొరికేది ప్యాకేజీ. విల్లు చేతికిస్తారు, మోడుకు గురిపెట్టి కొడతారు, డాన్స్, సెల్ఫీ, ఇంతలో డ్రైవర్ వాచీ చూపిస్తాడు. హడ్జాబేలు మొత్తం కలిపి వెయ్యి పైచిలుకు మంది. వాళ్ళ మీదికి పొద్దున్నే జీపులు క్యూ కడితే వేట ఎక్కడ సాగుతుంది?

దాని బదులు పక్కనే ఉండే దాటోగా అనే మరో తెగ కమ్మరుల దగ్గర కూర్చోండి. మేకతోలు తిత్తులతో కొలిమి ఊదుతూ పాత తాళంకప్పలు కరిగించి గాజులు పోస్తారు, మేకులు సాగగొట్టి బాణం ములుకులు చేస్తారు. హడ్జాబేలు తేనె ఇచ్చి ఆ ములుకులు తీసుకుంటారు. మీరున్నా లేకపోయినా నడిచే వ్యాపారం అది.

సరస్సు దగ్గరి మాంగోలా ఊరి చుట్టూ ఎక్కడ చూసినా ఉల్లి తోటలే. కర్నూలు వాడిని కాబట్టి మొదట ముచ్చటేసింది. ఊటనీళ్ళన్నీ ఆ మళ్ళకే మళ్ళుతున్నాయనీ, పొలం పెరిగినకొద్దీ అడవి తగ్గుతోందనీ తెలిశాక ముచ్చట పోయింది. యాయెడా లోయ వైపు హడ్జాబేలకు 2011లో భూమి హక్కు పత్రాలు వచ్చాయి కాబట్టి అక్కడ కాస్త నయం.

తేనె చూడాలంటే వానల కాలమే మంచిది, దారి మాత్రం బురద. కరాటు నుంచి సుమారు రెండు గంటలు పడుతుంది. మాంగోలాలో స్థానిక గైడ్‌ను పెట్టుకోండి, ముళ్ళు దిగని బూట్లు వేసుకోండి. డ్రోన్ మాత్రం వద్దు. దానికి ముందే అనుమతి తీసుకోవాలి, లేకపోతే ఎయిర్‌పోర్టులోనే టెన్షన్ మొదలవుతుంది.