చంద్రుడూ అంతే దూరంలో ఉన్నాడుగా, అక్కడ ప్రాణి లేదేం?

ప్రశ్న: సూర్యుడికి సరైన దూరంలో ఉండబట్టే భూమి మీద జీవం ఉందంటారు. చంద్రుడూ దాదాపు అంతే దూరం కదా, అక్కడ గడ్డిపోచైనా లేదేం?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మంచి ప్రశ్న. దూరం ఒక్కటే చాలదు. ఇద్దరికీ సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్లే. అయినా చంద్రుడి మధ్యరేఖ దగ్గర పగలు 120 డిగ్రీలు, రాత్రి మైనస్ 130. 2023లో శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువం వైపు మట్టిలో పరికరం గుచ్చి చూస్తే పైన 50 డిగ్రీలు దాటింది, బెత్తెడు లోతున మైనస్ 10! వేడిని పట్టి నలుదిక్కులా పంచడానికి గాలీ నీరూ లేవు. చంద్రుడి ఆకర్షణ మనదాంట్లో ఆరో వంతే, గాలిని నిలుపుకోలేకపోయాడు.

గాలి ఉన్నా అది తగిన పాళ్లలో ఉండాలి. మన గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే. అదీ నీటి ఆవిరీ వేడిని పట్టి ఉంచకపోతే భూమి సగటు వేడి 15 కాదు, మైనస్ 18 ఉండేది. శుక్రుడి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 96 శాతం, అక్కడ 460 డిగ్రీల పైమాటే. మన దగ్గరా కార్బన్ తక్కువేం లేదు, రాళ్లలో ఉంది. ఎలా చేరిందన్నదే అసలు సంగతి.

చీమకుర్తి గెలాక్సీ రాయినే తీసుకోండి. గ్రానైట్ అని అమ్ముతారు గానీ అది గాబ్రో అనే నల్లరాయి జాతి, అందులో కాల్షియం ఖనిజాలున్నాయి. వాననీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కాస్త పుల్లబడి (ఆమ్లమై), ఇలాంటి రాళ్లను యుగాల తరబడి కొరుకుతుంది. ఊడిన కాల్షియమూ నీటిలో కలిసిన ఆ వాయువూ నదుల వెంట సముద్రం చేరితే నత్తలూ ఆల్చిప్పలూ వాటితో గుల్ల కట్టుకుంటాయి. ఆ గుల్లలు పేరుకుని సున్నపురాయి అవుతుంది. అది భూగర్భంలోకి దిగిపోయాక, అందులోని వాయువును అగ్నిపర్వతాలు మళ్లీ బయటికి వదులుతాయి. భూమి వేడెక్కితే వానలు పెరిగి రాయి త్వరగా కరుగుతుంది, గాలిలో ఆ వాయువు తగ్గుతుంది. చల్లబడితే రాయి కరగడం మందగించి, ఆ వాయువు మళ్లీ పెరుగుతుంది.

గుల్లలో ఆ వాయువు ఉందో లేదో మీరే చూడొచ్చు. కొత్తపట్నం తీరంలో ఏరిన గుల్లల్ని కడిగి ఆరబెట్టి, చెంచాడు పొడి చేసి గాజుగ్లాసులో వేయండి. రెండు నిమ్మకాయలు పిండండి. బుసబుసా నురగ వస్తుంది. గుల్లను పొడి చేయకుండా వేస్తే బుడగలు నెమ్మదిగా వస్తాయి. కాల్చిన గుల్లసున్నం మాత్రం వాడకండి. వాయువు బట్టీలోనే పోయి ఉంటుంది, పైగా అది కళ్లకూ చర్మానికీ ప్రమాదం.

రాళ్లు చేసే ఈ సర్దుబాటుకు లక్షల ఏళ్లు పడుతుంది. మనం బొగ్గూ డీజిలూ కాల్చి, పది లక్షల పాళ్లలో 280 ఉన్న ఈ వాయువును రెండున్నర శతాబ్దాల్లోనే 420 దాటించాం.